వంకాయలోని పురుగు

వంకాయ తరుగునపుడు లోపల పురుగును జూడని గృహిణి యుండదు. ఛీ యని ఆ కాయను పెంటకుప్పపై పాఱవైచి, అంతటితో పీడ వదలినదని తలంతుము. అది యచ్చటనే పెరిగి, రెక్కలు దాల్చి, మఱల మన వంగమొక్కలకే వచ్చును.

ఈ పురుగు ఒక చిన్న శలభపు సంతానము. దాని రెక్కలు తెల్లనివి. వానిపై గోధుమవన్నె మచ్చలుండును. పూర్తిగా విప్పినను అంగుళమునకు మించవు. శాస్త్రజ్ఞులు గడ్డిశలభములని పిలుచు కుటుంబములోనిది యిది. వరి మొవ్వును జంపి తెల్లకంకులు పుట్టించు పసుపువన్నె శలభమును, వరియాకును మడిచి లోపల మేయు ఆకుముడత పురుగును దీని దాయాదులే. మన కవులు శలభమనగా దీపమున బడి మ్రగ్గు దీనప్రాణినే చూచిరి. దాని బిడ్డల ఆగడము వారి కంటబడినట్లు లేదు!

శలభము రాత్రివేళ ఆకుల క్రింద నొక్కొక్కటిగా గ్రుడ్లు పెట్టును. నాలుగైదు దినములలో పిల్లపురుగు వెలువడి, కాయలు లేనిచో లేతకొమ్మలో దూరును. కొమ్మచివర తల వాల్చును. నీరు చాలలేదని మనము కడవెడు నీళ్లు పోయుదుము. తక్కిన మొక్క పచ్చగనుండి చివర మాత్రమే వాడినచో అది దాహము కాదని యెఱుంగవలయును. కాయ దిగిన పిదప కాయలోనే దూరును. దూరిన రంధ్రము సూదిమొనంతయే, అదియు మూసికొనిపోవును. మనకు గనబడు పెద్ద చిల్లి, లోపల పెరిగిన పురుగు బయటికి బోయిన ద్వారము. కావున చిల్లిలేని కాయ యెల్ల మేలైనదని నమ్మరాదు.

లోపల కూర్చున్నదానికి పైన జల్లు మందు అంటదు. అంటదు గనుకనే కొందఱు రైతులు మఱల మఱల జల్లుదురు. జల్లిన మఱునాడే కోసి సంతకు దెచ్చినచో ఆ విషము మన బిడ్డల కంచమునకు జేరును. పురుగును జంపు గుణమును విత్తనముననే కల్పించిన వంగను మన ప్రభుత్వము 2010లో నిలిపినది. బంగ్లాదేశమున 2014 నుండి సాగుచేయుచున్నారు. ఆ వాదము శాస్త్రజ్ఞులు తేల్చుకొందురు గాక, పెరట పది మొక్కలున్న మనకు కత్తెర చాలును.

వాడిన చివరను, క్రింద రెండంగుళముల పచ్చికొమ్మతోగూడ కత్తిరింపుడు. చీల్చి చూచిన లేతగులాబివన్నె పురుగు కనబడును. ఆ చివరలను, పుచ్చిన కాయలను కాల్చుడు, లేదా మరుగునీట వేయుడు. వారమునకు రెండుమాఱులైన మొక్కలను చూడవలయును. ఎదిగిన పురుగు రాలిన ఆకులలో గూడుకట్టి, వారము పదిదినములలో శలభమై లేచును గాన మొదళ్లకడ చెత్త నిలువనీయరాదు.

ఇంకొక మాట. కాపుడిగిన వంగమోళ్లను వంటచెఱకునకని గోడవార పేర్చుట కొన్ని యిండ్ల అలవాటు. అందలి గూళ్లనుండి శలభములు లేచి క్రొత్తమొక్కలపై వ్రాలును. మీ పెరడెంత శుభ్రముగ నున్నను, ప్రక్కయింటి గోడవార అట్టి మోపున్నచో శ్రమ వృథా. పొరుగింటి పిన్నిగారితోనో వదినగారితోనో నెమ్మదిగా జెప్పి, రెండిండ్ల మోళ్లను ఒక్కదినముననే తగులబెట్టింపుడు.