మన కేబుల్ ఎక్కడుందో మన కంపెనీకి తెలియాలి: జీఐఎస్ ఉద్యమ వ్యవస్థాపక ప్రణాళిక

రోడ్డు వెడల్పు చేస్తుంటే జేసీబీ పళ్లకు తగిలి ఆప్టికల్ ఫైబర్ కేబుల్ (ఓఎఫ్‌సీ) తెగుతుంది. నాలుగు మండలాల్లో సిగ్నల్ పోతుంది. నెట్‌వర్క్ పర్యవేక్షణ కేంద్రం (ఎన్‌వోసీ) తెరల మీద అలారాలు వరుస కడతాయి. స్ప్లైసింగ్ మెషిన్ వేసుకుని బండి బయల్దేరుతుంది. అప్పుడు అందరి నోటా వచ్చే ప్రశ్న ఒకటే: "ఆ రూట్ ఎవరికి తెలుసు?" ఎవరో ఒక పేరు చెబుతారు. ఆ మనిషి ఫోనెత్తితే త్వరగా జాయింట్ దొరుకుతుంది. ఆయన బదిలీ అయ్యుంటే, రిటైరయ్యుంటే, జ్వరంతో పడుకునుంటే, మనవాళ్లు టార్చిలైట్లు పట్టుకుని తెల్లారేదాకా గోతులు తవ్వుతూనే ఉంటారు.

ఆ ఒక్క మనిషి జ్ఞాపకానికి మనం రుణపడి ఉన్నాం. కానీ వేల కిలోమీటర్ల కేబుల్‌ను కొద్దిమంది జ్ఞాపకం మీద వదిలేయడం వాళ్లకూ అన్యాయం, కంపెనీకీ ప్రమాదం. ప్లానింగ్, ఓఎఫ్‌సీ మెయింటెనెన్స్, ట్రాన్స్‌మిషన్, రేడియో, ఎఫ్‌టీటీహెచ్, కస్టమర్ కేర్, అకౌంట్స్ విభాగాల్లో పనిచేసే మేమంతా కలిసి ఈ రోజు భౌగోళిక సమాచార వ్యవస్థ కోసం, అంటే మనం రోజూ జీఐఎస్ అని పిలుచుకునే దానికోసం, కంపెనీ లోపల ఒక ఉద్యమం మొదలుపెడుతున్నాం. మా మాట రెండు ముక్కల్లో ఇది: కంపెనీ మొత్తానికి ఒకే పటం ఉండాలి. ఆ పటాన్ని దిద్దే హక్కు నేలను తవ్వే చేతికి ఉండాలి.

ఇప్పుడు మనం ఎక్కడున్నాం

మన దగ్గర రికార్డులకు కొదవ లేదు. ఆస్తుల రిజిస్టర్‌లో కేబుల్ పొడవు ఉంది, అది ఏ రోడ్డు ఏ పక్కన ఉందో లేదు. కాంట్రాక్టర్ ఇచ్చిన యాజ్‌-బిల్ట్ డ్రాయింగులు బీరువాలో ఉన్నాయి. వాటిలో "గుడి నుంచి 12 మీటర్లు" అని రాసి ఉంటుంది. రోడ్డు పెరిగింది, గుడి వెనక్కి జరిగింది, డ్రాయింగ్ మారలేదు. ప్లానింగ్ వాళ్ల ల్యాప్‌టాప్‌లో కేఎంఎల్ ఫైళ్లు ఉన్నాయి. ఆ ల్యాప్‌టాప్ పాడైతే అవీ పోతాయి. ఒకే టవర్‌కు ప్లానింగ్‌లో ఒక నంబరు, అకౌంట్స్‌లో ఇంకో నంబరు, ఎన్‌వోసీలో ఊరి పేరు. ఈ మూడూ ఒకటేనని తేల్చడానికి ప్రతిసారీ ఎవరో ఒకరు ఫోన్లు చేయాలి.

ఇన్ని రికార్డులకూ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే: స్థలం. టవర్, డక్ట్, చాంబర్, స్ప్లిట్టర్, కస్టమర్ ఇల్లు, తెగిన చోటు, అన్నీ భూమి మీద ఏదో ఒక అక్షాంశం, రేఖాంశం దగ్గరే ఉంటాయి. విభాగాలు వేరువేరుగా రాసుకున్నదంతా ఆ స్థలం దగ్గర కలుస్తుంది. జీఐఎస్ చేసే పని ఈ కలపడమే. పటం గీయడం అందులో కంటికి కనిపించే భాగం మాత్రమే.

పటం మన పనిని ఎలా మారుస్తుంది

తెగిన చోటును వెతకడం చూడండి. ఓటీడీఆర్ పరికరం ఫైబర్‌లోకి కాంతిని పంపి, తిరిగొచ్చిన సమయాన్ని బట్టి దూరం చెబుతుంది. అది చెప్పేది ఫైబర్ పొడవు. రోడ్డు మీద దూరం అంతకంటే తక్కువ. రెండేసి కిలోమీటర్ల డ్రమ్ములతో వేసిన 20 కిలోమీటర్ల రూట్‌లో తొమ్మిది జాయింట్లు ఉంటాయి. ఒక్కో జాయింట్ దగ్గర 20 మీటర్ల లూపు చుట్టి వదిలితే, చివరికొచ్చేసరికి 180 మీటర్ల తేడా వస్తుంది. ఆ లూపులన్నీ వాటి చోట్లతో సహా పటంలో ఉంటే, సాఫ్ట్‌వేర్ వాటిని తీసేసి మనల్ని సరైన మైలురాయి దగ్గర నిలబెడుతుంది. లేకపోతే 180 మీటర్ల పొడవునా తవ్వాల్సిందే.

రింగుల సంగతి ఇంకా ముఖ్యం. ఒక దారి తెగితే ట్రాఫిక్ రెండో దారిలో పోవాలని రింగ్ వేస్తాం. కాగితం మీద గుండ్రంగా గీసిన బొమ్మలో రెండు దారులూ చక్కగా విడివిడిగా కనిపిస్తాయి. కానీ గోదావరినో కృష్ణనో దాటడానికి ఉన్న వంతెనలు కొన్నే. రెండు కేబుళ్లూ ఒకే వంతెన మీద, ఒకే డక్ట్‌లో దాటుతుంటే ఆ రింగ్ పేరుకే రింగ్. వంతెన దగ్గర ఒక్క దెబ్బ తగిలితే రెండు దారులూ పోతాయి. నిజమైన పటం మీద రెండు రూట్లనూ పరిస్తే ఈ ప్రమాదం తెగకముందే బయటపడుతుంది.

ఎఫ్‌టీటీహెచ్‌లో, అంటే ఇంటిదాకా ఫైబర్ వేసే సేవలో, కనెక్షన్ ఇస్తామని మాటిచ్చి, ఇంటికెళ్లాక పోర్ట్ లేదని తిరిగొచ్చే పరిస్థితి మనందరికీ తెలుసు. ఎక్కువగా వాడే బీ ప్లస్ తరగతి జీపాన్ పరికరానికి ఉన్న కాంతి బడ్జెట్ 28 డెసిబెల్స్. 1:32 స్ప్లిట్టర్ ఒక్కటే అందులో సుమారు 17 తినేస్తుంది. మిగిలిన దాంట్లోనే కేబుల్ దూరం, జాయింట్లు, కనెక్టర్లు సర్దుకోవాలి. ఏ స్ప్లిట్టర్‌లో ఎన్ని పోర్టులు ఖాళీ, అక్కడి నుంచి ఆ ఇంటికి ఎంత దూరం అనేవి పటంలో ఉంటే, కస్టమర్ కేర్‌లో కూర్చున్న అమ్మాయి ఫోన్ పెట్టేయకముందే నిజం చెప్పగలదు.

రేడియో వాళ్లకు నేల ఎత్తుపల్లాలే ప్రాణం. పది కిలోమీటర్ల 7 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్ లింకుకు రెండు డిష్‌ల మధ్య చూపు ఆనితే చాలదు. దారి మధ్యలో తరంగం చుట్టూ సుమారు 10 మీటర్ల వ్యాసార్థంలో చాలా భాగం ఖాళీగా ఉండాలి. పాడేరు, చింతపల్లి కొండల్లోనో నల్లమలలోనో టవర్ పెట్టేముందు ఎత్తుల డేటా మీద లెక్క వేసుకుంటే, కొండెక్కి దిగే తిరుగుడు చాలావరకు తగ్గుతుంది. కార్టోశాట్ ఉపగ్రహం నుంచి తయారైన ఎత్తుల పటాలు ఇస్రో భువన్‌లో దొరుకుతున్నాయి. వాడుకోవడమే తరువాయి.

ఇక విపత్తులు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు, 2018 అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళాన్ని కుదిపినప్పుడు, 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ కాలనీలను ముంచినప్పుడు జనం మొదట వెతుక్కున్నది ఫోన్ సిగ్నల్‌నే. ఏ టవర్ నీటిలో ఉంది, ఏ జనరేటర్‌లో డీజిల్ ఎంతసేపు వస్తుంది, ఏ దారి తెగలేదు, ఏ ఆసుపత్రి ఏ టవర్ కింద ఉంది? వీటికి పటం మీద జవాబుంటే ఏది ముందు బాగుచేయాలో నిమిషాల్లో తేలుతుంది. ఆ నిమిషాల్లో ఒకరి అంబులెన్స్ ఉంటుంది.

కాలం మన వైపుంది

పటాల మీద ఉన్న కట్టడులను కేంద్ర ప్రభుత్వం 2021 ఫిబ్రవరి 15 నాటి మార్గదర్శకాలతో సడలించింది. భారతీయ సంస్థలు ముందస్తు అనుమతి లేకుండానే సూక్ష్మమైన భౌగోళిక డేటా సేకరించుకోవచ్చు. 2022 డిసెంబరులో జాతీయ జియోస్పేషియల్ విధానం వచ్చింది. 2021 అక్టోబరు 13న మొదలైన గతిశక్తి మాస్టర్ ప్లాన్ నడిచేదే జీఐఎస్ మీద. రోడ్లు, రైళ్లు, గ్యాస్ పైపులు ఒకే పటం మీదికి వస్తుంటే, టెలికాం కంపెనీ చేతులు కట్టుకుని కూర్చోలేదు.

2023 మార్చి 22న "కాల్ బిఫోర్ యు డిగ్" యాప్ వచ్చింది. సమన్వయం లేని తవ్వకాల వల్ల దేశానికి ఏటా దాదాపు 3,000 కోట్ల రూపాయల నష్టం జరుగుతోందని ప్రభుత్వమే చెప్పింది. తవ్వేవాడు ముందుగా చెబితే, అక్కడ కేబుల్ ఉన్న కంపెనీకి సమాచారం అందాలన్నది ఆ యాప్ ఉద్దేశం. మన రూట్ ఎక్కడుందో మనమే సరిగా ఇవ్వకపోతే ఆ సమాచారం మనకు ఎందుకు ఉపయోగపడుతుంది? టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 నాణ్యతా నిబంధనలు కవరేజీ పటాలను కంపెనీలు జనానికి చూపాలంటున్నాయి. కొత్త రైట్ ఆఫ్ వే నియమాలు 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. పటం ఇప్పుడు మన బాధ్యత కూడా.

విద్యకూ మనం దూరం పోనక్కర్లేదు. బాలానగర్‌లో జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్‌ఆర్‌ఎస్‌సీ), ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ, గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో స్పేషియల్ ఇన్ఫర్మాటిక్స్ ప్రయోగశాల, అన్నీ హైదరాబాద్‌లోనే ఉన్నాయి.

మా సూత్రాలు

1. ఒక వస్తువుకు ఒకే గుర్తింపు. టవర్‌కైనా చాంబర్‌కైనా స్ప్లిట్టర్‌కైనా కంపెనీ అంతటా ఒకే నంబరు ఉండాలి.

2. ఒకే కొలమానం. అందరూ డబ్ల్యూజీఎస్ 84 ఆధారంగా, డిగ్రీల్లో, ఆరు దశాంశ స్థానాలతో రాయాలి. మీటర్లలోకి మార్చేటప్పుడు జాగ్రత్త పడాలి. అనంతపురం యూటీఎం 43వ జోన్‌లో, విజయవాడ 44లో, ఇచ్ఛాపురం 45లో పడతాయి. ఒక్క ఆంధ్రప్రదేశే మూడు జోన్లలో పరుచుకుని ఉంది. జోన్ తప్పుగా పెట్టుకుంటే కేబుల్ ఎక్కడో సముద్రంలో తేలుతుంది.

3. ఎంత కచ్చితమో కూడా రాయాలి. ఫోన్ జీపీఎస్ ఆరుబయట కొన్ని మీటర్ల తేడాతో చెబుతుంది. పల్లె రోడ్డు పక్కన చాంబర్‌కు అది చాలు. ఊరి మధ్య పది కంపెనీల డక్టులు ఇరుక్కున్న చోట చాలదు. ఫోన్‌తో తీశామా, డీజీపీఎస్‌తో తీశామా, ఎవరో చెబితే గీశామా అన్నది ప్రతి బిందువు పక్కనా ఉండాలి.

4. మూతపడకముందే కొలత. 1.65 మీటర్ల లోతు గోతిలో కేబుల్ కనిపిస్తున్నప్పుడే లోతు, దారి, ఫోటో తీయాలి. పూడ్చాక చేసేది ఊహే.

5. తప్పు చూసినవాళ్లే దిద్దాలి. పెట్రోల్‌మన్, స్ప్లైసర్, లైన్‌మన్ తమ ఫోన్ నుంచే సవరణ పంపగలగాలి. దాన్ని పరిశీలించి పటంలోకి ఎక్కించాలి. పంపినవాళ్ల పేరు అక్కడ నిలవాలి.

6. పటం పనికోసమే. ఫీల్డ్ సిబ్బంది ఎక్కడ టీ తాగుతున్నారో చూడటానికి దీన్ని వాడనివ్వం. కస్టమర్ ఇంటి వివరాలు ఆ పని చేసేవాళ్లకే కనిపించాలి. కీలక రూట్లు అందరికీ తెరిచి పెట్టకూడదు.

యాజమాన్యాన్ని అడుగుతున్నాం

జీఐఎస్‌ను ఒక మూల గదిలో నలుగురి పనిగా చూడటం ఆపాలి. ప్రతి సర్కిల్‌లో అన్ని విభాగాల ప్రతినిధులతో ఒక పటం కమిటీ వేయాలి. జియో రిఫరెన్స్ చేసిన యాజ్‌-బిల్ట్, తెరిచిన గోతి ఫోటోలు లేకుండా ఏ కాంట్రాక్టర్ బిల్లూ పాస్ కాకూడదు. అదే సమయంలో కొలత తీసిన గంటలకు కాంట్రాక్టు కార్మికులకు కూలి కట్టాలి. ఉచితంగా చేయించుకున్న కొలత నిలవదు. రిటైర్మెంట్‌కు దగ్గరైన ప్రతి పెట్రోల్‌మన్‌కూ ఒక యువ ఇంజినీర్‌ను జత చేయాలి. వాళ్లిద్దరూ రూట్ అంతా నడిచి, ఆయనకు తెలిసింది పటంలోకి ఎక్కించాలి. ఆ నడకను డ్యూటీగా లెక్కించాలి.

మొదట మేమే చేస్తాం

అనుమతుల కోసం ఎదురుచూస్తూ కూర్చోం. ముందుగా ఒక్క జిల్లాను తీసుకుంటాం. 2002లో మొదలైన క్యూజీఐఎస్, 2001 నుంచి ఉన్న పోస్ట్‌జీఐఎస్ ఉచితంగా దొరుకుతాయి. ఆ జిల్లా చాంబర్లు, జాయింట్లు, స్ప్లిట్టర్లు, టవర్లను వాటిలో చేరుస్తాం. కేబుల్ తెగిన ప్రతి చోటునూ కారణంతో సహా గుర్తిస్తాం. ప్రతి నెలా ఒక శనివారం అన్ని విభాగాలకూ తెలుగులో శిక్షణ ఇస్తాం. కేబుల్ తెగినప్పుడు చోటు కనుక్కోవడానికి ఎంతసేపు పట్టింది, ఎన్ని గోతులు తవ్వారు అన్నది పటం వాడిన చోటా, వాడని చోటా రాసి పెడతాం. ఏడాది చివర ఆ లెక్కలే మా తరఫున మాట్లాడతాయి.

"ఖరీదెక్కువ కదా" అంటారు. తెగిన కేబుల్‌కు రాత్రంతా చెల్లించే మూల్యం ఇప్పటికే మన ఖర్చుల్లో ఉంది, ఎవరూ దాన్ని విడిగా లెక్క కట్టడం లేదంతే. "మన డేటా అంతా తప్పుల తడక, ముందు అది సరిచేయాలి" అంటారు. పటం మీద పెట్టనిదే తప్పు కనపడదు. కనపడ్డ తప్పును దిద్దేవాళ్లున్నారు. "ఈ వయసులో ఇవన్నీ ఎక్కడ నేర్చుకుంటాం" అని సీనియర్లు అంటారు. నేల మీకు తెలుసు, మీట నొక్కడం మేం నేర్పుతాం.

సహోద్యోగులారా, వచ్చే వారం మీరు తెరిచే మొదటి చాంబర్ దగ్గర ఆగండి. ఫోన్ తీసి దాని చోటు గుర్తించండి, లోపలి ఫోటో తీయండి, ఎన్ని కేబుళ్లున్నాయో రాయండి, మాకు పంపండి. మీ విభాగం నుంచి ఒకరి పేరు పటం కమిటీకి ఇవ్వండి. ఈ ప్రణాళికలో నచ్చని మాట ఉంటే దిద్ది పంపండి, సవరిస్తాం. సంతకం చేసే ప్రతి ఒక్కరూ తమకు తెలిసిన ఒక రూట్‌ను పటంలోకి ఎక్కించే బాధ్యత తీసుకుంటున్నట్టే.