ఆల్పకాను పెంచదలచిన సోదరీమణులకు

ఈ నెల మాకు చేరిన ఉత్తరములలో ఒకటి ఆస్ట్రేలియా దేశమున కాపురముండు ఒక తెలుగు సోదరి వ్రాసినది. వారు పట్టణము వెలుపల రెండెకరముల నేలతో ఇల్లు కొనుగోలు చేసిరట. పొరుగు పొలమున మేయుచున్న ఆల్పకాలను చూచి పిల్లలు ముచ్చటపడుచున్నారనియు, పాలు త్రాగు ప్రాయములోనున్న మగపిల్ల నొకదానిని తెచ్చి, సీసాతో పాలుపట్టి, ఇంటిబిడ్డవలె పెంచుకొనదలచితిమనియు, అందులకు కావలసిన సంగతులు తెలుపవలసినదనియు ఆమె కోరినారు.

ఆ కోరికలోని వాత్సల్యమును మేము మెచ్చుకొందుము. కాని మా సమాధానమును దాచక మొదటనే చెప్పుచున్నాము. సోదరీ, ఒక్కదానిని తెచ్చుకొనవలదు. మగపిల్లను సీసాపాలతో ఇంటిలో పెంచవలదు. ఈ రెండు మాటలకును గల కారణములు తెలిసినచో ఆల్పకా స్వభావములో సగము తెలిసినట్లే.

ఆల్పకా అను మాట మన దేశమునకు క్రొత్తది కాదు. వెనుకటి తరములలో న్యాయవాదులు తొడిగిన నల్లని ఆల్పకా కోటును తాతగారి పెట్టెలో చూచినవారు మన పాఠకురాండ్రలో నుందురు. గుడ్డ తెలిసినను, ఆ ఉన్ని నిచ్చిన జంతువు మనలో పెక్కుమందికి తెలియదు. అది ఒంటె కుటుంబమునకు చెందినది. మూపురము మాత్రము లేదు. పెరిగినదాని యెత్తు భుజము వద్ద మూడడుగులకు కొంచెము అటునిటు. బరువు సాధారణముగా 50 మొదలు 85 కిలోల వరకు నుండును. మంచి పోషణ యున్నచో 15 మొదలు 20 ఏండ్లు బ్రదుకును. కావున నేడు తెచ్చిన పిల్ల మీ పిల్లలు చదువులు ముగించి పెండ్లిండ్లు చేసికొను నాటికిని మీ యింటనే యుండవచ్చును.

దీని పుట్టినిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీసు పర్వతములు. అచ్చటి ప్రజలు వికూన్యా అను అడవిజంతువును వేల యేండ్ల క్రిందటనే మచ్చిక చేయగా ఆల్పకా యేర్పడినది. లోకములోని ఆల్పకాలలో అధికభాగము నేటికిని పెరూ దేశముననే యున్నవి. సముద్రమట్టమునకు 3,500 మీటర్లకు పైబడిన చలిబీళ్లలో స్త్రీలును పిల్లలును వానిని మేపుదురు. ఆ స్త్రీలే కదురు చేతబట్టి నడచుచు ఉన్ని వడకుదురు. అచ్చట ఒంటరి ఆల్పకా యనునది లేదు. మందయే దానికి ఇల్లు, మందయే కోట. ఆస్ట్రేలియాకు వీనిని చేర్చుటకు చార్లెస్ లెడ్జరు అను ఆంగ్లేయుడు 1858లోనే ఒక మందను సిడ్నీకి తెచ్చినను ఆ ప్రయత్నము నిలువలేదు. ఇప్పుడచ్చట కనిపించు మందలు 1980వ దశకము చివర మరల దిగుమతియైన వాని సంతానము.

ఆల్పకాకు కొమ్ములు లేవు, గిట్టలు లేవు. మెత్తని పాదము, రెండు గోళ్లు మాత్రమే కలవు. శత్రువును ఎదిరించుటకు దానికి గల యాయుధము తోడిజంతువుల కన్నులే. ఒకటి మేయునపుడు వేరొకటి తల యెత్తి చూచును. కుక్క కనబడినచో కీచుమని కూయును. అన్నియు ఒక్కచోట చేరును. తోడులేని ఆల్పకా నిశ్చింతగా మేయజాలదు. అది గొంతులో సన్నగా మూలుగుచు కంచె వెంట తిరుగును, మేత తగ్గించును, చిక్కిపోవును. గొఱ్ఱెగాని మేకగాని తోడుండిన చాలదా యందురేమో! చాలదు. దాని భాష దాని జాతికే తెలియును. రెండు తప్పనిసరి, మూడున్నచో మరియు మంచిది, ఏలయన ఒకటి మరణించినను మిగిలినది ఒంటరి కాదు.

ఇక సీసాపాల సంగతి. మనుష్యుల నడుమ ఒంటరిగా పెరిగిన మగపిల్ల మనుష్యులను తన జాతివారిగనే తలచును. పసితనమున వెంటవెంట తిరుగుట, మీద వాలుట చూడ ముచ్చటగా నుండును. రెండు మూడేండ్లకు ఈడు వచ్చినపుడు, మందలో తోడి మగదానితో పోరాడవలసిన ఆ జంతువు యజమానితో పోరునకు వచ్చును. రొమ్ముతో ఢీకొట్టును, కాళ్లు కరచును, పడద్రోసి మీదికెక్కును. విత్తులు తీయించినను ఆ గుణము పోవునను నమ్మకము లేదు. అట్టివానిని తుదకు చంపించవలసివచ్చిన సందర్భములును కలవు. ఆ దోషము జంతువుది కాదు. ప్రేమతో దానికి దాని జాతిని మరపించిన మనది. తల్లి చనిపోయి పిల్లకు పాలుపట్టక తప్పనిచో, దానిని మందలోనే యుంచి, పాలుపట్టి, వెంటనే యివతలకు రావలెను. ఒడిలో పెట్టుకొనుట, ముద్దాడుట పనికిరావు.

కావున మొదటిసారి పెంచువారు తల్లివద్ద మందలో పెరిగి, ఏడాదిన్నర దాటిన పిదప విత్తులు తీయించిన మగవానిని రెండుగాని మూడుగాని తెచ్చుకొనుట మేలు. అవి సాధువులు; ఈనుట, పిల్లల పోషణ యను చిక్కులు లేవు. కుక్కలు చొరరాని కంచె, ఎండకును వానకును చాటు, ఎల్లవేళల మంచినీరు కావలెను. పచ్చికయు మంచి యెండుగడ్డియు ముఖ్యాహారము. శరీరపు బరువులో నూటికి ఒకటిన్నర మొదలు రెండు పాళ్ల యెండుమేత రోజుకు సరిపోవును. ధాన్యము అమితముగా తినిన కడుపు చెడును. మన వారికి పూజకు ప్రియమైన గన్నేరు వీనికి విషము. కంచెకు అందుబాటులో ఆ చెట్టు నాటరాదు. ఒక సుఖము మాత్రము కలదు: మందయంతయు ఒకేచోట పేడవేయును గనుక ఊడ్చుపని స్వల్పము.

ఏటికొకసారి, వేసవి ముదరక పూర్వము, ఉన్ని తప్పక కత్తిరించవలెను. ఇది సొమ్ముకొరకు కాదు. కత్తిరించనిచో వేడికి తాళలేక ప్రాణాపాయము కలుగును. గోళ్లు పెరిగిన తీయుట, ముందుపండ్లు పొడుగైన సరిచేయించుట, పశువైద్యుని సలహాపై టీకాలు వేయించుట, పేడ పరీక్ష చేయించి పొట్టపురుగులకు మందిచ్చుట కూడ ఉన్నవి. ఎండ తక్కువైన శీతకాలమున పిల్లలకు విటమిన్ డి కొరవడి యెముకలు వంకరపోవచ్చును. అన్నిటికన్న ముఖ్యమైనది చేతిపరీక్ష. ఆల్పకా తన జబ్బును దాచుకొను జంతువు. దట్టమైన యున్ని దాని చిక్కుదలను దాచును. నెలకొకసారి వెన్నెముక మీద చేయివేసి చూడవలెను. ఎముక మొనదేలి చేతికి తగిలినచో ఆలస్యము చేయరాదు.

సంతానమును కోరువారు మరికొన్ని సంగతులెరుగవలెను. ఆడుది ఏడాది దాటి, తగిన బరువు వచ్చిన పిదపనే మగదానితో కలుపవలెను. దీనికి ఎదకాలమను నియమము లేదు. కలయిక తరువాతనే అండము విడుదలయగును. చూలు నిలిచిన ఆడుది మగదానిని చేరనీయక ఉమ్మివేసి తరుమును. పెంపకందారులు దీనినే మొదటి గురుతుగా గ్రహింతురు. గర్భము సుమారు పదకొండున్నర నెలలు. ఒకే పిల్ల పుట్టును, కవలలు మిక్కిలి అరుదు. ఈనుట సాధారణముగా పగటివేళ, మధ్యాహ్నములోపల జరుగును. సాయంకాలమైనను నొప్పులు సాగుచున్నచో వైద్యుని పిలువవలెను. ఆరేడు కిలోల పిల్ల కొలది గంటలలో లేచి ముర్రుపాలు త్రాగవలెను. మొదటి దినము గడచిన పిదప ఆ పాలలోని రోగనిరోధకశక్తి పిల్లకు పట్టదు. ఆరు నెలలకు పాలు మాన్పించి, మగపిల్లలను వేరు మందలో చేర్చవలెను.

ఆదాయమును గూర్చియు ఒక మాట. అమెరికాలో 1984 ప్రాంతమున వీని దిగుమతి మొదలైన పిదప, ఉన్నికన్న పిల్లల అమ్మకమువలననే లాభమని చెప్పగా విని పెక్కుమంది వేలకొలది డాలర్లు పోసి కొనిరి. కొనువారు తగ్గిన నాడు, 2008 ప్రాంతపు ఆర్థికమాంద్యముతో, ధరలు కూలిపోయినవి. మేపలేక ఉచితముగా ఇచ్చివేసినవారును కలరు. ఒక్కొక్కటి ఏటికి ఇచ్చు రెండు మొదలు నాలుగు కిలోల ఉన్ని, వడకుట వచ్చిన యింటికి చక్కని కానుక; అప్పు చేసి నమ్ముకొనదగిన జీవనాధారము మాత్రము కాదు.

స్వదేశముననున్న సోదరీమణులకు మా మనవి: మన కోస్తా ఉక్కపోతయు, తెలంగాణ యెండలును ఈ కొండజంతువునకు తగినవి కావు. ముచ్చట కొరకు దానిని బాధింపరాదు.

ఉత్తరము వ్రాసిన సోదరికి తుదిమాట. మీ పిల్లలు ఆల్పకాను ఒడిలో పెట్టుకొనలేకపోవచ్చును. కాని ఓపికతో కంచెవద్ద నిలిచి, చేతిలో ఎండుగడ్డి పట్టుకొన్నచో, అవియే మెడలు చాచి దగ్గరకు వచ్చును. తినగానే మరల తమ తోడువద్దకు మరలిపోవును. ఆ మరలిపోవుటను చూచి పిల్లలు చిన్నబుచ్చుకొన్నచో, అది మనపై ప్రేమలేక కాదనియు, పరాయి చోట దానికి సుఖముగ నున్నదనుటకు గురుతు అదియేననియు మీరు చెప్పవలెను. తనవారికి దూరముగా కాపురము చేయుచున్న తల్లికి ఆ మాట చెప్పుట కష్టము కాదని మేము నమ్ముచున్నాము.