ఎవరి ఇంటి ఎదుట గోడ వారిది



మా పరిచర్యలో నాలుగు గ్రామాల సంఘాలున్నాయి. సంఘానికొక సైటు చొప్పున నాలుగింటినీ వర్డ్‌ప్రెస్ మల్టీసైట్ పద్ధతిలో ఒకే గొడుగు కింద పెట్టుకున్నాం. ఇందులో మనిషికి లాగిన్ ఒక్కటే గానీ, అధికారం మాత్రం ఏ సైటుకా సైటులో విడిగా ఇవ్వాలి. అది మాకు విసుగనిపించింది. ఒకచోట ఇచ్చిన అధికారాన్ని అన్నిచోట్లా పంచే ప్లగిన్ పెట్టాం. టైపు చేసిపెట్టే యవ్వనస్థులంతా ఒక్కసారిగా నాలుగు చోట్లా ఎడిటర్లయ్యారు. పని తేలికైందని స్తుతులు కూడా చెల్లించాం.

కొన్నాళ్లకు ఒక తమ్ముడు తన సంఘం సైటే అనుకుని పొరుగూరి సైటులో పాత పోస్టులు తీసేశాడు. తీసేసినవి మామూలుగా 30 రోజులు చెత్తబుట్టలో ఉండి, తర్వాత వాటంతటవే చెరిగిపోతాయి. మేము చూసేసరికి గడువు దాటింది. పోయినవాటిలో ఒక అవ్వ సాక్ష్యం ఉంది. ఆమె చెబుతుంటే పక్కన కూర్చుని రాసుకున్నది. వేరేచోట దాచలేదు. ఆమె ప్రభువునందు నిద్రించింది. ఇక మళ్లీ చెప్పించుకోలేం.

ఆ తమ్ముణ్ణి పదిమందిలో గద్దించాం. ఆ రాత్రి మోకరించినప్పుడు తప్పెవరిదో తెలిసింది. తలుపులన్నీ తీసిపెట్టింది మేమే.

ప్రియులారా, నెహెమ్యా 3వ అధ్యాయం చదవండి. యెరూషలేము ప్రాకారం కట్టేటప్పుడు అనేకులు ఎవరి ఇంటి ఎదుట భాగాన్ని వారు బాగుచేశారు. గోడ ఒక్కటే, వంతులు వేరు. ఆ గోడ 52 దినాల్లో పూర్తయింది. యిత్రో కూడా మోషేతో భారమంతా ఒక్కడివే మోయవద్దన్నాడు గానీ, అందరికీ అన్నీ అప్పగించమనలేదు. వేయిమందికి ఒకరు, నూరుమందికి ఒకరు, యాభైమందికి ఒకరు, పదిమందికి ఒకరు అని హద్దులు చెప్పాడు.

"అందరం సహోదరులమే కదా, నమ్మకం లేదా?" అని కొందరు అడుగుతారు. అధికారం నమ్మకానికి కొలత కాదు, పనికి కొలత అని మా అభిప్రాయం. పనికి మించిన అధికారం ఇస్తే అది ప్రేమ కాదు, మన బద్ధకం. అవతలివాడు తెలియక పడిపోయే గుంట మనమే తవ్వినట్టు.

ఇప్పుడు ఆ ప్లగిన్‌తో అధికారాలు పంచడం ఆపాం. ఎవరికి ఎక్కడ ఏముందో ఒకచోట చూసుకోవడానికే వాడుతున్నాం. కొత్తవారికి కంట్రిబ్యూటర్ పాత్ర ఇస్తాం, రాయగలరు, ప్రచురించలేరు. అనుభవం వచ్చాక ఆథర్, తన రాతలు తానే ప్రచురించుకుంటాడు. ఇతరుల రాతలు దిద్దగల, తీసేయగల ఎడిటర్ సంఘానికి ఒక్కరే, అదీ తన సైటులోనే. ఊరు విడిచి వెళ్లినవారితో మాట్లాడి వారి అధికారం తీసేస్తాం.

అన్నిటికన్నా కష్టమైనది మా వంతు. రోజూ సూపర్ అడ్మిన్‌గానే లోపలికి వెళ్లే అలవాటు మానేశాం. మేమూ మామూలు ఆథర్‌గానే రాస్తున్నాం. పెద్ద తాళంచెవి అవసరమైన రోజునే తీస్తాం. సంఘపెద్ద ఒకరికి అది ఎక్కడుందో తెలుసు.

పదిమందిలో గద్దించాం గనుక పదిమందిలోనే ఆ తమ్ముణ్ణి క్షమాపణ అడిగాం. ఈ రోజు తన ఊరి సైటుకు అతడే ఎడిటర్.

మన చేతికిచ్చిన కొంచెంలో నమ్మకంగా ఉండే కృప ప్రభువు మనకందరికీ దయచేయును గాక. ఆమేన్.