కొళాయి తిప్పే చెయ్యి మనదే కావాల



బాబాసాహెబ్ అంబేడ్కర్ సతారా బడిలో చదివేటప్పుడు దాహమైతే బంట్రోతు వచ్చి కొళాయి తిప్పాల. బంట్రోతు రాని దినం నీళ్ళు లేవు. ఆ సంగతి ఆయనే రాసుకున్నాడు. ఇప్పుడు మన పిల్లోళ్ళకు ఇంకో కొళాయి వచ్చింది. దాని పేరు ఓటీపీ. మెయిలు తెరవాలన్నా, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలన్నా ఫోను నెంబరు కావాల. ఆ ఫోను ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే బంట్రోతు.

మా కమలాపురం తట్టు దళితవాడలో నా దగ్గర చదివిన అమ్మాయి ఒకతె డిగ్రీ పూర్తి చేసింది. ముందొకసారి దరఖాస్తు నింపిన నెట్ సెంటరు పిలగాడు ఆమె నెంబరు పట్టుకొని రాత్రిళ్ళు ఫోన్లు చేసినాడు. ఆ భయంతో ఈసారి నెట్‌లో ఉచితంగా దొరికే తాత్కాలిక నెంబరుతో మెయిలు తెరిచింది. పరీక్ష ముందు ఫోను చెడిపోయింది. వేరే ఫోనులో మెయిలు తెరవబోతే పాత నెంబరుకు వచ్చిన అంకెలు చెప్పమంది. ఆ నెంబరు యాడుంది? హాల్ టికెట్టు అందులోనే ఉండిపాయ. “నెంబరు దాచుకోవడం నా తప్పా సారూ?” అని అడిగింది.

తప్పు కాదు. ఆ భయం న్యాయమైనదే. ఎంచుకున్న దారే మోసం చేసింది. ఉచిత నెంబరుకు వచ్చే సందేశాలు ఆ పేజీ తెరిచిన ప్రతివాడికీ కనబడతాయి. అదే నెంబరు ఎంతోమంది వాడతారు. రేపు ఇంకొకడు దాంతోనే పాస్‌వర్డ్ మార్చేస్తే మన ఖాతా వాడిదైపోతుంది. డబ్బులకిచ్చే నెంబరు కూడా కాసేపే మనది. దాని వెనక ఏ పేదోడి ఆధార్ మీద తీసిన సిమ్ము ఉందో మనకు తెలవదు. మోసంతోగాని, ఇంకొకరి పేరు చెప్పిగాని సిమ్ము తీస్తే 2023 టెలికాం చట్టం కింద మూడేళ్ళ దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా ఉంది. అట్లాంటప్పుడు పోలీసులు ముందు తట్టేది ఎవరి తలుపు? ఆధార్ ఇచ్చిన కూలోడి తలుపే గదా!

కార్యకర్తలారా, మీకు ఇంకో మాట. అత్యాచారాల కేసులో సాక్షులతో వాట్సాప్ గ్రూపు పెడతాం. అది తాత్కాలిక నెంబరు మీద ఉంటే, ఆ నెంబరు దొరికినోడికి పాత మాటలు కనబడకపోయినా గ్రూపులో ఉన్నోళ్ళ నెంబర్లు కనబడతాయి. సాక్షుల పట్టిక మన చేత్తోనే ఎదుటోళ్ళకు ఇచ్చినట్టు కాదా?

సంఘం పనికి వేరే సిమ్ము కావాలంటే మన పేరు మీదే తీసుకుందాం. ఒకరి పేరు మీద తొమ్మిది దాకా ఉండొచ్చు. ఆడపిల్లకు ఆమె పేరు మీదే సిమ్ము ఇప్పిద్దాం. వాట్సాప్‌కు ఆరంకెల పిన్ను రెండో తాళంగా పెడదాం. రీచార్జి లేక మూలన పడేసిన నెంబరు చేయిదాటి పోతుంది, కొన్ని నెలలకు ఇంకొకరికి ఇస్తారు. అందుకని నెంబరు మారినప్పుడల్లా ఖాతాల్లో కూడా మార్చుకోవాల. మన పేరు మీద ఎవరన్నా సిమ్ములు తీసినారేమో 2023లో వచ్చిన సంచార్ సాథీలో చూసుకోవచ్చు.

ఇదంతా మనం చేసుకునే జాగ్రత్త. సర్కారు బాధ్యత వేరే ఉంది. 2025 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం మన మిత్ర పేరుతో వాట్సాప్‌లోనే సేవలు మొదలుపెట్టింది. సంతోషమే. కానీ ఫోను లేని కూలికి ఆఫీసు కిటికీ మూయగూడదు. ఆధార్ సరిపోలలేదని అర్హులకు రావలసింది ఆపగూడదని 2018 తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. మరి ఓటీపీ రాలేదని ఆపడం ఏం న్యాయం? ఓటీపీ లేకుండా దరఖాస్తు తీసుకోమని ప్రతి సచివాలయంలో రాతపూర్వకంగా అడుగుదాం. తీసుకోకపోతే ఎందుకు తీసుకోరో రాసిమ్మందాం.

బంట్రోతు కోసం కాచుకున్న కాలం చాలు.

జై భీమ్!