మాటల ముచ్చట: ట్రాజెడియన్

"ట్రాజెడియన్ అంటే నటుడా, నాటకం రాసినవాడా?" అని మార్టూరు నుంచి ఒక పాఠకుడు అడిగాడు. ఇద్దరూను!

గ్రీకు భాషలో "త్రాగోస్" అంటే మేక, "ఓదే" అంటే పాట. ఆ మేకపాటే విషాద నాటకానికి పేరయింది. నాటకాల పోటీలో గెలిస్తే మేకను బహుమతిగా ఇచ్చేవారని కొందరూ, మేకను బలి ఇచ్చి పాడేవారని కొందరూ అంటారు.

మన సంస్కృత నాటకాలు శుభంగా ముగియడం ఆనవాయితీ. బళ్లారి వకీలు ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) ఆ ఆనవాయితీ దాటి, తెలుగులో "విషాద సారంగధర" రాశారు. ఏ తప్పూ చేయని సారంగధరుడికి కన్నతండ్రే కాళ్లూ చేతులూ నరికించే శిక్ష వేస్తాడు. పాత కథలో సిద్ధుడు వాటిని మళ్లీ మొలిపిస్తాడు. ఈ నాటకం మాత్రం విషాదంగానే ముగుస్తుంది.

ఆచార్యులవారు స్వయంగా వేషాలు కూడా కట్టేవారు. కనుక ఆ మాటకున్న రెండర్థాలూ ఆయనకు చెల్లుతాయి.

నాటకం చూస్తూ ఏడుపొస్తే సిగ్గుపడకండి. విచారించకుండా ఎవరినీ శిక్షించకూడదని ఆ కన్నీరే మీకు చెబుతుంది.