వంట గిన్నెలు పెళ్లి దాకా ఆగాలా?

చదువు ముగించుకుని ఉద్యోగానికి హైదరాబాదుకో, బెంగుళూరుకో, చెన్నైకో వెళ్లే పిల్లలు మన కుటుంబాల్లో ఇప్పుడు చాలామంది ఉన్నారు. మొదట హాస్టల్లో ఉంటారు. ఏడాది తిరిగేసరికి ఒక గది, వంటకు ఓ మూల ఉన్న చిన్న వాటా చూసుకుంటారు. నర్సింగ్ చదివి వెళ్లే అమ్మాయిలదీ ఇదే దారి. తల్లిదండ్రులు పరుపు, బకెట్టు, పచ్చడి జాడీలు అన్నీ సర్ది పంపిస్తారు. గిన్నెల దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఒక్కదానికి ఏం కావాలి? పెళ్లికి ఎలాగూ సామాను కొంటాం కదా" అంటూ అటక మీది పాత సిల్వర్ గిన్నెలు రెండు, సొట్టపోయిన కుక్కరు ఒకటి దింపి ఇస్తారు. ఈ పద్ధతి మాకు సరి అనిపించదు.

ఒంటరిగా ఉండేవాళ్లు సరిగ్గా తినకపోవడానికి బద్ధకమే కారణమని పెద్దలు అంటారు. మేము అడిగి తెలుసుకున్నంతలో, అందులో సగం గిన్నెల తప్పే. రాత్రి డ్యూటీ దిగి వచ్చిన అమ్మాయికి అడుగంటే గిన్నె, మూత సరిపోని తపేలా, పిడి ఊగే పెనం ఎదురైతే ఏం చేస్తుంది? నూడుల్స్ పొట్లం చింపుతుంది, లేదా ఫోనులో బిర్యానీ తెప్పించుకుంటుంది. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు అమ్మను వెంటబెట్టుకుని మా ఓ.పి.కి వస్తుంది. కడుపులో మంట, నీరసం, కళ్లు తిరగడం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సగం కంటే ఎక్కువమందికి రక్తహీనత ఉంది, మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అంతే. గిన్నెలు మార్చినంత మాత్రాన రక్తం పెరగదు. కానీ రోజూ పప్పు, ఆకుకూర, గుడ్డు వండుకోమని చెప్పేటప్పుడు, వాటిని వండే వస్తువు చేతికి ఇవ్వాలి కదా.

ముందు సైజు సంగతి. నలుగురి ఇంట్లో వాడిన 5 లీటర్ల కుక్కరు ఒక్కరికి పనికిరాదు. గ్లాసు బియ్యం అందులో అడుగున పోయి కూర్చుంటాయి. అందుకని రెండు గ్లాసులు పోస్తారు, మిగిలిన అన్నం పొయ్యి పక్కనే వదిలేసి డ్యూటీకి పోతారు. వండిన అన్నం గది వేడిలో గంటల తరబడి ఉంటే అందులో పెరిగే క్రిముల విషం మళ్లీ వేడి చేసినా పోదు. వాంతులతో వచ్చేవారిని అడిగితే నిన్నటి అన్నం సంగతి తరచుగా బయటపడుతుంది. ఒకరికి 2 లేక 3 లీటర్ల కుక్కరు చాలు. 3 లీటర్లదైతే లోపల రెండు గిన్నెలు పెట్టి అన్నం, పప్పు ఒకేసారి దించుకోవచ్చు.

కుక్కరు మాత్రం కొత్తదే కొనండి. ఇందులో మేము బేరానికి ఒప్పుకోము. 2021 ఫిబ్రవరి నుంచి మన దేశంలో ఇంటి ప్రెషర్ కుక్కర్లకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి. ఆ గుర్తు లేనిది ఎంత చవకగా వచ్చినా వద్దు. రబ్బరు గ్యాస్కెట్టు గట్టిపడినా, పగిలినా వెంటనే మార్చాలి. సేఫ్టీ వాల్వు పోతే అదే కంపెనీది వేయించాలి. మూడింట రెండు వంతులకు మించి నింపకూడదు, పప్పు అయితే సగమే, ఎందుకంటే పప్పు పొంగి వెయిటు రంధ్రానికి అడ్డుపడుతుంది. ఆకలి మీద ఉండి, ఆవిరి పోకముందే మూత లాగినవారి ముఖాలకు, చేతులకు మేము కట్లు కట్టాము. పక్కన ఎవరూ లేని గదిలో అలా జరిగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. కాలిన చోట టూత్‌పేస్టు, సిరా పూయవద్దు. 20 నిమిషాల పాటు కుళాయి నీటి ధార కింద ఉంచి, తర్వాత ఆసుపత్రికి వెళ్లమని పిల్లలకు ముందే చెప్పి పంపండి.

ఇక సిల్వర్ గిన్నెలు, అంటే అల్యూమినియం. వీటి వల్ల మతిమరుపు జబ్బు వస్తుందని చాలామంది మమ్మల్ని అడుగుతుంటారు. అది రుజువు కాలేదు. మా భయం వేరు. పాత తుక్కుతో కలిపి కరిగించి పోసిన చవక గిన్నెల్లో సీసం ఉండవచ్చు. 2022లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, అఫ్గానిస్తాన్ నుంచి వచ్చిన కుటుంబాల పిల్లల రక్తంలో సీసం ఎందుకు ఎక్కువగా ఉందని వెతుకుతూ వారి వంటపాత్రలు పరీక్షించారు. అల్యూమినియం కుక్కర్లు, గిన్నెలు చాలావాటి నుంచి సీసం దిగింది. 2025 ఆగస్టులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ హిండాలియం వంటి పేర్లతో దిగుమతి అయ్యే కొన్ని పాత్రల గురించి ప్రజలను హెచ్చరించింది. హిండాలియం మనకు కొత్త మాట కాదు, మన సంతల్లో తూకానికి అమ్మేదే. ప్రతి గిన్నెలోనూ సీసం ఉందని మేము అనడం లేదు. కంటితో చూసి ఏది ఎలాంటిదో చెప్పలేము గనుక, గుర్తు, పేరు లేనివి వద్దంటున్నాము. సీసం కడుపులో బిడ్డకు, చిన్నపిల్లల మెదడుకు చేసే హాని తిరిగి బాగయ్యేది కాదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో, పుల్లటి పచ్చళ్లు, సాంబారు వంటివి అల్యూమినియం, ఇనుము, కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రల్లో నిలవ ఉంచరాదని చెప్పారు. మన చింతపండు పులుసుకు ఇది అచ్చంగా వర్తిస్తుంది. కాబట్టి పులుసుకు, పాలకు అడుగు మందంగా ఉన్న స్టెయిన్‌లెస్ స్టీలు గిన్నె ఒకటి, రెండు లీటర్లలోపుది, సరిపడే మూతతో. పలుచటి స్టీలు గిన్నె చేతిలో తేలికగా ఉంటుంది, పొయ్యి మీద మాడిపోతుంది.

అట్లకు, చపాతీకి, గుడ్డుకు ఇనుప పెనం. నాన్‌స్టిక్ కావాలని అమ్మాయిలు అడుగుతారు, మెరుస్తుంది గనుక. ఖాళీగా పెద్ద మంట మీద పెట్టి ఫోను మాట్లాడుతూ మరిచిపోతే దాని పూత నుంచి హానికరమైన పొగ వస్తుంది. చిన్న గదిలో, కిటికీ లేని వంటమూలలో అది మంచిది కాదు. గీతలు పడ్డాక పారేయాలి. ఇనుప పెనానికి మొదటి వారం రోజులు కాస్త ఓపిక కావాలి, నూనె రాసి కాచి, మళ్లీ రాసి. ఆ తర్వాత అమ్మమ్మ పెనం లాగే అట్టు ఊడి వస్తుంది. ఇనుప బాండీలో టమాటా వేసి కూర చేస్తే కొంత ఇనుము కూరలోకి దిగుతుంది. వండగానే స్టీలు గిన్నెలోకి తీసేయండి. డాక్టరు రాసిన ఐరన్ మాత్రలు మాత్రం మానవద్దు.

మట్టి పాత్రలు మంచివే. అయితే అద్దె గదులు మారుతూ ఉండేవారి దగ్గర అవి ఎన్నాళ్లు నిలుస్తాయో మీకే తెలుసు.

కొనే ముందు గదిలో గ్యాసు ఉందో, ఇండక్షన్ పొయ్యి ఉందో అడగండి. ఇండక్షన్ మీద మామూలు సిల్వర్, రాగి, మట్టి పాత్రలు వేడెక్కవు. షాపుకు చిన్న అయస్కాంతం తీసుకువెళ్లి గిన్నె అడుగున పెట్టి చూడండి, గట్టిగా అంటుకుంటే పనిచేస్తుంది.

కుక్కరు, స్టీలు గిన్నె, ఇనుప పెనం, ఇనుప బాండీ, ఒక పట్టకారు. పెళ్లి సామానుకు పెట్టే ఖర్చులో ఇదెంత? పైగా మంచి గిన్నెలు పెళ్లి తర్వాత కూడా పనికొస్తాయి. పెళ్లి ఆలస్యమైనా, అసలు వద్దనుకున్నా ఆ అమ్మాయికి పూటపూటా ఆకలి వేస్తుంది. ఆ ఇల్లు కూడా ఇల్లే.

అబ్బాయిల తల్లులు ఇదంతా ఆడపిల్లల కోసం రాశామనుకోవద్దు. మీ అబ్బాయి వారాంతం ఇంటికి వచ్చినప్పుడు ఒక పూట వంటగది అతనికి వదిలేయండి. కుక్కరుకు ఎన్ని నీళ్లు పోయాలో, ఆవిరి ఎప్పుడు పోయిందో అతనికీ తెలియాలి.