హోర్డింగు మీద లేని లెక్క

ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్ల వేళ ఎక్కడ చూసినా కాలేజీల హోర్డింగులే. ఎవరికెన్ని లక్షల ప్యాకేజీ వచ్చిందో ఫొటోతో సహా ఉంటుంది. చేరినవారిలో ఎందరు నాలుగేళ్లకు పట్టాతో బయటపడ్డారన్నది మాత్రం కనిపించదు.

అసలు అడగాల్సింది అదే. మొదటి ఏడాది తప్పిన గణితం పేపరు (ఎం-1) ఆఖరి ఏడాదిదాకా వెంటాడుతుంది. క్రెడిట్లు చాలక డిటైన్ అయితే ఏడాది పోవడమే కాదు, ఫీజు రీయింబర్స్‌మెంటుకూ చిక్కే. బ్యాక్‌లాగ్‌లుంటే చాలా కంపెనీలు గుమ్మంలోనే ఆపేస్తాయి. పిల్లలు చదవరని యాజమాన్యాలు అంటాయి. సరే, అవే ర్యాంకులతో పక్క కాలేజీలో చేరినవారు ఎలా గట్టెక్కుతున్నట్టు?

అమెరికాలో ఫెడరల్ సాయం అందుకునే కాలేజీలు పట్టా పొందినవారి శాతాన్ని వెల్లడించాలని 1990లోనే చట్టం చేశారు. మన జాతీయ ర్యాంకింగ్ ఎన్‌ఐఆర్‌ఎఫ్ కూడా గడువులోగా ఉత్తీర్ణులైనవారిని లెక్కిస్తుంది గానీ, ఆ జాబితాకెక్కని కాలేజీల మాటేమిటి? మన పిల్లల్లో ఎక్కువమంది చేరేది వాటిలోనే. పరీక్షలు పెట్టే జేఎన్‌టీయూల దగ్గర ఫలితాలన్నీ ఉన్నాయి. వచ్చే కౌన్సెలింగ్‌కల్లా కాలేజీ కోడ్ పక్కనే, బ్రాంచీలవారీగా ఆ శాతాలు పెట్టాలి. సొంతంగా పరీక్షలు పెట్టుకునే అటానమస్ కాలేజీలకూ మినహాయింపు ఇవ్వకూడదు.